మామ పడవలో రెండు దినాలు

మా మామ పోయిన వార్త నాకు అందరికంటే ఆలస్యంగా తెలిసింది. మా కంపెనీలో లోపలికి పోయేటప్పుడు ఫోన్లు లాకర్లో పెట్టి పోవాల. నేను క్వాలిటీ సెక్షన్లో కొలతలు చూస్తాను. ఆ పొద్దు ట్రే నిండా వచ్చిన ఇనుప బుష్‌లను ఒక్కొక్కటే గేజీలో పెట్టి చూస్తా ఉంటే సూపర్‌వైజరమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "మీ ఇంటి నుంచి గేటుకు ఫోను చేసినారు. నువ్వు బయలుదేరు" అనింది. ఎవరికి ఏమయింది అని నేను అడగలేదు. తెలిసిపోయింది. చేతిలో ఉన్న బుష్‌ను సరైనవాటిలో వేయాలో తప్పుల్లో వేయాలో తోచక, అట్లనే పట్టుకొని లాకరు దాకా నడిచినాను.

ఇంటికి పోయేసరికి ఆయన్ను వాకిట్లో బెంచీ మీద పడుకోబెట్టినారు. పొద్దున కాఫీ తాగి, ఎండలో కుర్చీ వేయించుకొని కూర్చున్నాడంట. అత్త లోపల ముద్ద కెలికి వచ్చేసరికి తల ఒక పక్కకు వాలిపోయి ఉండిందంట. ఆడి నెల కదా, ఆషాఢం గాలి ఒకటే కొడతా ఉండింది. షామియానా వేసేవాళ్ళు ఎంత లాగి కట్టినా గుడ్డ ఎగిరెగిరి పడతా ఉంటే నాకు ఊరకుండబుద్ధి కాలేదు. "గాలికి ఎదురుగా కడితే ఎట్ల నిలబడతాదప్పా" అని నేనే పోయి రెండు ముళ్ళు విప్పి, ఆయన నేర్పించిన ముడి వేసి మళ్ళ కట్టినాను. వచ్చినవాళ్ళంతా ఈ కోడలికి ఏమయింది అన్నట్టు చూసినారు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని చాలామంది అడిగినారు. నిదానమైన మనిషి, ఎవరినీ ఒక మాట అనలేదు, పనిలో దేవుడు, ఇట్లాంటివి వాళ్ళే చెప్పినారు కూడా. అవన్నీ నిజమే. కానీ ఆయన్ను తలుచుకున్నప్పుడు నాకు మొదట వచ్చేది కోపం. ఏడుపు దాని వెనకాల వస్తాది. మీరు తప్పుగా అనుకున్నా సరే, ఆ కోపంతోనే రాస్తా ఉండాను.

మామ వాళ్ళది అత్తిముగం పక్కన గొర్రెలు కాసే కుటుంబం. హోసూరులో కంపెనీలు వచ్చిన కొత్తలో లేత్ మిషను నేర్చుకొని, అదే పనిలో జుట్టు నెరిసేదాకా ఉండినాడు. బాగలూరు రోడ్డులో ఇల్లు కట్టుకున్నాడు. ఆయనకు నీళ్ళతో ఏ సంబంధమూ లేదు. ఈత కూడా యాభై దాటినాకనే నేర్చుకున్నాడు. ఎప్పుడో ఉద్యోగంలో ఉండగా, బెంగళూరులో ఒక పడవల క్లబ్బుకు ఏదో ట్రాలీ ఇరుసు బాగు చేయడానికి కంపెనీవాళ్ళు పంపించినారు. పని అయినాక వాళ్ళు మర్యాదకు ఆయన్ను ఒక తెరచాప పడవలో కూర్చోబెట్టి గంటసేపు తిప్పినారంట. "ఆ పొద్దు ఇంటికి వచ్చి మూడు దినాలు మాట్లాడలేదమ్మణ్ణీ. గాలి సోకిందేమో అనుకొని తాయెత్తు కట్టించినాను" అని అత్త ఇప్పటికీ చెప్తాది.

రిటైరు అయినాక ఆయన చేసిన మొదటి పని అదే క్లబ్బుకు పోయి, వెనకాల బోర్లించి పారేసిన ఒక పాత పడవను ట్రాక్టరులో వేసుకొని రావడం. పద్దెనిమిది అడుగుల ఫైబరు పడవ. ముందువైపు ఇద్దరు ముడుచుకొని పడుకునేంత చిన్న గది, మధ్యలో తెరచాప కట్టే స్తంభం, వెనకాల కూర్చొని చుక్కాని పట్టుకునే చోటు. ఆవుల్ని అమ్మేసినాక ఉత్తదిగా ఉన్న కొట్టంలో దాన్ని పెట్టి ఆరు సంవత్సరాలు బాగు చేసినాడు.

నేను పలమనేరు పక్క నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చేసరికి ఆ పడవ ఇంకా కొట్టంలోనే ఉండింది. వచ్చిన మూడో దినం మామ నన్ను పిలిచినాడు. "నువ్వు కొలతలు చూసే పిల్లవంట కదమ్మా. ఈ ఇరుసు ఎంత ఉందో చూసి చెప్పు" అని చేతిలో వెర్నియరు పెట్టినాడు. చెప్పినాను. ఆయన మళ్ళ తీసుకొని చూసి, తల ఊపి, "ఇంగొక తూరి చూడు" అన్నాడు. నేను తప్పు చెప్పలేదు. అయినా ఇంగొక తూరి. ఆయనకు అదొక్కటే మాట. ముడి వేస్తే ఇంగొక తూరి. ఉప్పుకాగితంతో రుద్దితే ఇంగొక తూరి. ఎక్కడ తప్పు ఉందో చెప్పడు, ఎట్ల చేయాలో చెప్పడు. వంటింట్లో నా పొయ్యి మీద చారు మరుగుతా ఉంటే వచ్చి తువ్వాల చేతికిచ్చి, "ఆ ముడి వేసి చూపించు" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. కానీ పడవ నీళ్ళలో దిగినాక, మా ఆయన ఒక్కసారి ఎక్కి వాంతి చేసుకొని "నాయనా, ఇది నాకు వద్దు" అనేసినాక, ఆదివారాలు మామతో పోయేది నేనొక్కదాన్నే.

శూలగిరి దాటినాక లోపలికి పోతే ఒక పెద్ద చెరువుంది. ఇవతల కట్ట, అవతల గుట్ట, నడుమ చాలా నీళ్ళు. చేపల పాట తీసుకున్నవాళ్ళతో మామ మాట్లాడి, పడవను కట్ట కింద కట్టుకోవడానికి ఒప్పించినాడు. మూడు సంవత్సరాలు ఆయన చుక్కాని పట్టుకుంటే నేను తాళ్ళు లాగినాను. మొదట్లో అప్పుడప్పుడు, రాను రాను ఎక్కువగా నాకే చుక్కాని ఇచ్చేవాడు. "చాపను చూడొద్దు. నీళ్ళను చూడు. గాలి ముందు నీళ్ళకే చెప్తాది" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు. పడవ తప్పుగా తిరిగితే ఆయన గమ్మున కూర్చొని వేరుసెనక్కాయలు ఒలుచుకొని తినేవాడు. నేను కేకలు పెట్టి అడిగినా, "నీళ్ళు చెప్తాయి లేమ్మా" అంతే.

రెండేళ్ళ కిందట ఆయన ఒక కొత్త పని మొదలుపెట్టినాడు. స్తంభం దగ్గర ఉండే తాళ్ళన్నిటినీ కప్పీల మీదుగా వెనక సీటు దగ్గరికి తెచ్చినాడు. పెద్ద చాప ఎత్తాలన్నా, ముందు చాప దించాలన్నా, లేచి పోకుండా కూర్చున్న చోటు నుంచే ఒక మనిషి చేసుకోవచ్చు. "ఎందుకు మామా, మనం ఇద్దరం ఉండాము కదా" అన్నాను. "ఉండాము లే" అన్నాడు.

అదే కాలంలో ఆయన మోపెడ్ వదిలేసినాడు. మోకాలు నొప్పి అన్నాడు. పేపరు నన్ను చదివి వినిపించమనేవాడు. "కళ్ళద్దాలు యాడో పెట్టినాను, కనపడలేదు" అనేవాడు. కళ్ళద్దాలు ఆయన జేబులోనే ఉండేవి. నేను షిఫ్టుకు పోయే తొందరలో "నీ జేబులోనే ఉండాయి కదా మామా" అని విసుక్కొని, రెండు హెడ్డింగులు చదివేసి పోయేదాన్ని.

పోయిన మార్గళి చలిలో ఒక శుక్రవారం సాయంత్రం అన్నం తింటా ఆయన ఉన్నట్టుండి అన్నాడు: "రేపూ ఎల్లుండీ నీకు లీవు కదమ్మా. పడవ తీసుకొని పో. ఒక్కదానివే."

అప్పటికి ఆయనకు గుండెకు మాత్రలు నడుస్తా ఉండినాయి. బరువులు ఎత్తొద్దు, నీళ్ళలో దిగొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పినాడు. ఆయన రాలేడని నాకు తెలుసు. కానీ నన్ను ఒక్కదాన్నే పొమ్మంటాడని అనుకోలేదు.

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నాయనా, నీకేమన్నా పిచ్చా? ఆడమనిషి, చలికాలం, చెరువు మధ్యలో ఒక్కతే ఎట్ల ఉంటాది?"

"ఆ పిల్లకు వస్తాది" అన్నాడు మామ. కంచంలోకి చూస్తానే.

మూడేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క మాటే. అందుకే కాదనలేకపోయినాను. పైగా ఆయన షరతులు పెట్టినాడు. శనివారం పొద్దున బయలుదేరి అవతల గుట్ట దాకా పోవాల. ఆడ లంగరు వేసుకొని పడుకోవాల. ఆదివారం తిరిగి రావాల. "పగలు నేను కట్ట మీద ఉంటాను. రాత్రికి మీ అత్త వచ్చి ఇంటికి పిలుచుకొని పోతాది. నాకు ఫోను చేయొద్దు. చేసినా నేను చెప్పను" అన్నాడు.

శనివారం తెల్లారేసరికి మంచు. చామంతి తోటలు కూడా కనపడలేదు. అత్త రాగిముద్ద, పితికిపప్పు క్యారియరులో పెట్టి, పైన రెండు దుప్పట్లు, ఒక స్వెటరు, ఇంకో స్వెటరు సర్ది, ఆటోలో మా ఇద్దరినీ తీసుకొచ్చి కట్ట దగ్గర దించింది. మామ తెల్ల చొక్కా, తెల్ల పంచె, నల్ల గొడుగు. కట్ట మీద అత్త చూపించిన రాయి మీద కూర్చున్నాడు. నేను లైఫ్ జాకెట్టు వేసుకొని పడవ విప్పినాను. ఆయన ఏమన్నా చెప్తాడని ఒక నిమిషం నిలబడినాను. ఏమీ చెప్పలేదు.

తొమ్మిది దాటినాక మంచు విడిచింది. కొంచెం గాలి లేచింది. చాపలు ఎత్తినాను, పడవ కదిలింది, నా గుండె కూడా కదిలింది. కానీ పావు వంతు దూరం పోయేసరికి గాలి చచ్చిపోయింది. చాప గోడకు తగిలించిన తడి గుడ్డలాగ వేలాడింది. ఒక గంట అట్లనే కూర్చున్నాను. తర్వాత గాలి వచ్చింది, నేను అనుకున్న పక్క నుంచి కాదు. వాగు వచ్చి చెరువులో కలిసే మూల ఒకటుంది. ఆడ గుర్రపుడెక్క ఒక ఎకరా మేర పరుచుకొని ఉంటాది. పడవ మెల్లగా ఆ పక్కకే పోతా ఉంటే తిప్పడానికి ముందు చాప తాడు లాగినాను. మామ కొత్తగా పెట్టిన కప్పీలో ఆ తాడు బిగుసుకుపోయింది. లాగితే రాదు, వదిలితే పోదు. నేను తాడుతో కొట్లాడతా ఉండగానే పడవ పోయి డెక్కలో దూరింది. చుక్కానికి కాడలు చుట్టుకున్నాయి. పడవ అడుగున నీళ్ళలోకి దించే పలకకు చుట్టుకున్నాయి. తెడ్డు వేసి తోస్తే తెడ్డుకే చుట్టుకున్నాయి.

కట్ట ఎదురుగానే ఉండింది. కేక వినపడేంత దగ్గర కాదు కానీ, తెల్ల చొక్కా, నల్ల గొడుగు బాగా కనపడతా ఉండినాయి. ఆయన ముఖం నా పక్కకే ఉండింది. నా ఎర్ర తువ్వాల తీసి ఊపినాను. ఆయన కదల్లేదు. ఇంకొంచెం ఎత్తి ఊపినాను. గొడుగు కూడా కదల్లేదు.

ఫోను చేసినాను. ఆయన చెయ్యి జేబులోకి పోవడం చూసినాను. ఫోను బయటికి తీసినాడు. కట్ అయింది. మళ్ళ చేసినాను. కట్. మూడో తూరి కూడా కట్. నాలుగో తూరి చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది.

నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. అప్పటిదాకా ఎవరినీ అనని మాటలు ఆ డెక్క మధ్యలో నిలబడి మామను అన్నాను. పలమనేరులో మా నాయన కూడా అనని మాటలు. ఆ కప్పీ పెట్టింది నువ్వు, ఆ షరతు పెట్టింది నువ్వు, చూస్తా కూర్చొని ఫోను కూడా ఎత్తవా అని. తర్వాత ముందు గదిలో వెతికితే ఆయన పెట్టెలో ఒక కొడవలి కనపడింది. దాంతో బోర్లా పడుకొని, తల నీళ్ళకు ఆనించి, కాడలు ఒక్కొక్కటే కోసినాను. ముంజేతులు కోసుకుపోయినాయి. కప్పీలో తాడును స్పూను కాడతో పొడిచి పొడిచి బయటికి తీసినాను. పడవ విడిపడేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగు గంటలకు పైన అట్ల చిక్కుకొని ఉండినాను. తల ఎత్తి చూస్తే కట్ట మీద ఆయన నిలబడి ఉండినాడు. పక్కన మేకలు కాసే ఆమె ఎవరో ఉండింది. నేను చెయ్యి ఊపలేదు.

గుట్ట దాకా పోలేకపోయినాను. నడుమ ఒక బండ ఉంటే దాని మరుగున లంగరు వేసినాను. చల్లగా గడ్డకట్టిన ముద్దను పితికిపప్పులో అద్దుకొని తిన్నాను. మా ఆయన ఫోను చేసినాడు. "ఎట్లుండావు? వచ్చేయ్, చేపలవాళ్ళ పుట్టి తీసుకొని నేను వస్తాను" అన్నాడు. ఆ మాటకు పోయి ఉండొచ్చు. "నేను రాను. మీ నాయనకు చెప్పు, నేను రానని" అన్నాను. అది ధైర్యమేమీ కాదు. రోషం. అలిసిపోయి దుప్పట్లు రెండూ కప్పుకొని పడుకుంటే నిద్ర ముంచుకొచ్చింది.

ఆదివారం గాలి గాలిగానే వచ్చింది. బండ మరుగు నుంచి బయటికి రాగానే పడవ ఒక పక్కకు ఒరిగింది, నీళ్ళు అంచు దాకా వచ్చినాయి. భయపడిపోయినాను. చెయ్యి దానంతట అదే ముందు చాప తాడు వదిలింది. సీటు దగ్గర నుంచే. లేవకుండానే. చాప జారి కిందికి వచ్చింది, పడవ నిలదొక్కుకుంది. ఆ తర్వాత గుట్ట దాకా పోయినాను. గుట్ట నీడ తాకి తిరిగినాను. నీళ్ళ మీద గాలి మచ్చలు మచ్చలుగా నల్లగా నడిచి వస్తా ఉంటే, అవి పడవను తాకక ముందే నా చెయ్యి చుక్కానిని తిప్పతా ఉండింది. ఎట్ల తెలిసిందో నాకు తెలియదు. నా జీవితంలో అంత బాగా చేసిన పని ఇంకొకటి లేదు. కానీ ఆ గంటసేపు కూడా నేను సంతోషంగా లేను. కట్ట మీదికి పోయి మామను ఏమేమి అడగాలో వరసగా పేర్చుకుంటా ఉండినాను.

పడవ కట్టేసినాక అడిగినాను.

"నాలుగు గంటలు మామా! ఆ డెక్కలో నాలుగు గంటలు. నువ్వు చూస్తా కూర్చున్నావు!"

ఆయన పంచె కిందికి దించుకున్నాడు.

"మూడు తూర్లు ఫోను చేసినాను. తాడు కప్పీలో చిక్కింది, ఏమి చేయాల అని ఒక్క మాట. మునిగిపోయి ఉంటే కూడా నువ్వు అట్లనే గొడుగు పట్టుకొని కూర్చొని ఉందువా?"

"చెప్పనని ముందే చెప్పినాను కదమ్మా" అన్నాడు మెల్లగా. తర్వాత, "చేతులు బాగా తెగినాయా?" అన్నాడు.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఆ తర్వాత నేను చెరువుకు పోలేదు. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్పాల. ఏడు నెలలు. తై నెల పోయింది, ఎండాకాలం పోయింది. ఆయన రెండు మూడు తూర్లు "ఆదివారం పోదామామ్మా?" అని అడిగినాడు. ఓవర్‌టైము ఉంది మామా అన్నాను. కొన్నిసార్లు ఉండింది, కొన్నిసార్లు లేదు. ఆడి మొదట్లో, కొట్టం రేకులు ఎగిరేంత గాలి కొడతా ఉంటే, ఆయన గుమ్మం దగ్గర నిలబడి ముఖం పైకెత్తి, "ఇప్పుడు పోతే ఎట్లుంటాది" అన్నాడు. నన్ను చూసి అడగలేదు, ఊరకే అన్నాడు. నేను టిఫిను డబ్బా మూత వేసుకుంటా ఉండినాను. బదులు చెప్పలేదు. ఇరవై దినాలకు పోయినాడు.

పదకొండో దినం భోజనాలు అయినాక, జనం తగ్గినాక, ఒక ముసలామె గేటు దగ్గర చెప్పులు విడిచి వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. "కట్ట మీద మేకలు కాస్తానమ్మా. ఆయప్ప పోయినాడని నిన్ననే తెలిసింది" అనింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినాను. ఆమె నా ముఖం చూసి, "ఆ పడవలో చిక్కుకున్న కోడలు నువ్వేనా?" అనింది.

నేనే అన్నాను.

"ఆ రెండు దినాలూ నా ప్రాణం తీసేసినాడమ్మా మీ మామ. తెల్ల గుడ్డ యాడ ఉంది, ఏ పక్కకు వంగింది, ఆ పిల్ల కూర్చొని ఉందా నిలబడి ఉందా. ఊపిరి తిప్పుకోనీయలేదు. నా మేకలు యాడికి పోయినాయో కూడా చూసుకోలేదు నేను."

"ఆయన చూస్తానే ఉండినాడు కదా" అన్నాను.

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. "చూసేదానికి ఆయప్పకు కండ్లు యాడుండాయమ్మా? నీళ్ళ తావ నుంచి కట్ట మీదికి కూడా నా చెయ్యి పట్టుకొని ఎక్కినాడు. నువ్వు గడ్డిలో చిక్కుకున్నావని నేనే చెప్పినాను. ఫోను మోగతా ఉంటే దాని అద్దం మీద వేలితో గీకినాడు, గీకినాడు, అది ఆగిపోతానే ఉండింది. నా చేతికిచ్చి చూడమన్నాడు. నాకు ఆ ఫోను తెలీదు కదమ్మా. ఏదో నొక్కినాను, ఆరిపోయింది."

ఆమె ఇంకా చెప్పింది.

"పంచె పైకి కట్టి నీళ్ళలోకి దిగేసినాడు. 'ఆ కప్పీ నేను పెట్టిందే, తాడు దాంట్లోనే చిక్కుంటాది, నేను పోవాల' అంటాడు. తొడ దాకా పోయినాడు. యాడికి పోతావప్పా అని నేనే పోయి నడుము పట్టుకొని లాక్కొచ్చినాను. వినలేదు. మళ్ళ దిగినాడు. మళ్ళ లాక్కొచ్చినాను."

అప్పుడు నేను బోర్లా పడుకొని కాడలు కోస్తా ఉండినాను. తల ఎత్తలేదు.

ఆమె పోయినాక అత్తను అడిగినాను. అత్త వంటింట్లో ఒక మూల కూర్చొని ఉండింది. రెండేళ్ళ కిందటే కృష్ణగిరిలో కంటి డాక్టరు దగ్గరికి ఇద్దరూ పోయినారంట. కంట్లో ప్రెషరు పెరిగి నరం ఎండిపోయింది, పోయిన చూపు ఇంక రాదు అని చెప్పినాడంట. మందు చుక్కలు వేస్తా ఉంటే ఉన్నది కొన్నాళ్ళు నిలబడతాదని. చివరి మార్గళికి వెలుతురు, నీడ, అంతే తెలిసేదంట.

"నాకెందుకు చెప్పలేదత్తా?"

"చెప్పొద్దన్నాడు అమ్మణ్ణీ. ఒట్టు వేయించుకున్నాడు. చెప్తే ఆ పిల్ల పడవ వదిలేసి, నాకు చెయ్యి పట్టుకొని నడిపించేదానికి ఈడనే కూర్చుంటాది అన్నాడు. తాళ్ళన్నీ నీ సీటు తావకు తెచ్చే పని అయ్యేదాకా కండ్లు నిలబడితే చాలు అనేవాడు."

అత్త ఏడ్చింది. నాకు అప్పుడు కూడా కోపమే వచ్చింది. ఇప్పుడూ ఉంది. మేకలు కాసే ఆమెకు తెలుసు, అత్తకు తెలుసు, కృష్ణగిరి డాక్టరుకు తెలుసు. మూడేళ్ళు పక్కన కూర్చొని తాడు లాగిన నాకు తెలియదు. నేను ఏమి చేస్తానో నన్ను అడగకుండా ఆయనే అనుకొని, ఆయనే తీర్మానం చేసేసినాడు. చెప్పి ఉంటే పేపరు పూర్తిగా చదివి ఉందును. ఆడి గాలిలో ఆయన్ను పడవ ముందర కూర్చోబెట్టుకొని, గుట్ట ఎక్కడ ఉందో, నీళ్ళు ఎట్ల నల్లబడతా ఉండాయో చెప్తా తిప్పి ఉందును. చెప్పకపోతే పోనీ, నేను అన్ని మాటలు అన్నప్పుడన్నా, "కనపడలేదమ్మా" అని ఉండొచ్చు కదా. చెప్పనని ముందే చెప్పినాను అన్నాడు. కండ్లు లేవు అనే మాట కంటే, కఠినమైన మనిషి అనిపించుకోవడమే ఆయనకు సులభం అయిపోయింది. ఆ మాట నేను ఏడు నెలలు నమ్మినాను. గేజీలో వెంట్రుకవాసి తేడా పట్టుకునే మనిషిని, జేబులో కళ్ళద్దాలు పెట్టుకొని కనపడలేదు అనే మనిషిని పట్టుకోలేకపోయినాను. ఆయన మీద కోపం ఎంత ఉందో నా మీద అంత ఉంది. రెండూ చెప్పుకునేదానికి ఆయన లేడు.

ఆయనకు నేను రుణపడి ఉండాను అని పెద్ద మాటలు రాయను. పోయిన ఆదివారం పడవ తీసినాను. కప్పీ మార్చినాను. తాడు ఇప్పుడు చిక్కదు.

ఆ మార్గళి ఆదివారం సాయంత్రం పడవ ఒడ్డుకు వచ్చినప్పటి సంగతి ఒకటి ఇంతసేపూ రాయకుండా దాటేసినాను. నాలుగు గంటల ఎండ. నేను చాపలు దించేసి, ఊపు మీద పడవను నిశ్శబ్దంగా తెస్తా ఉండినాను. కావాలనే నిశ్శబ్దంగా. ఎప్పుడూ ఒడ్డుకు వచ్చేటప్పుడు "మామా, తాడూ!" అని కేక వేసేదాన్ని. ఆ పొద్దు కోపంతో నోరు తెరవలేదు. మేకలామె అప్పటికే మందను తోలుకొని కట్ట దిగిపోయింది. మామ ఒక్కడే పంచె మోకాళ్ళ పైకి కట్టుకొని నీళ్ళలో నిలబడి ఉండినాడు. పడవ వచ్చే చప్పుడు నీళ్ళలో ఏదో విని ఉంటాడు. రెండు చేతులూ ముందుకు చాపినాడు, తాడు పట్టుకునేదానికి. నేను ఆయన కుడి పక్కగా, పది అడుగుల దూరంలో పోతా ఉండాను. ఆయన ఎడమ పక్కకు తిరిగి ఉండినాడు, ఎండ కండ్లలో పడిందేమో అనుకున్నాను. ఎండ తళతళలాడే ఉత్త నీళ్ళ పక్కకు చేతులు చాపి, ముఖమంతా నవ్వుతా, ఆడ ఏమీ లేని చోటును చూస్తా, "రామ్మా, రా, బాగా వచ్చినావు" అంటా ఉండినాడు.